నల్లమల ఎవరిది?

నల్లమల ఎవరిదని అడిగితే ఒక్క జవాబు రాదు. పులికి అది ఇల్లు. చెంచులకు తాతముత్తాతల నేల. వారికి తేనె, జిగురు, కుంకుడుకాయలు, దుంపలు అక్కడే దొరుకుతాయి. శ్రీశైలం యాత్రికులకు అది దారి. గనులవారికి యురేనియం నిక్షేపం.

ఇందరి అవసరాలను తూచడానికే చట్టం టైగర్ రిజర్వును రెండుగా విభజించింది. లోపలి కోర్ భాగంలో వన్యప్రాణుల రక్షణే ముందు. చుట్టూ ఉన్న బఫర్‌లో మనుషుల జీవనోపాధికీ చోటుంది. అయితే కోర్ అన్నంత మాత్రాన చెంచుల హక్కులు రద్దు కావు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి. గ్రామసభ సమ్మతి లేకుండా ఎవరినీ కదిలించకూడదు.

రాత్రివేళ అడవి రోడ్డుపై వాహనాలను ఆపడం కూడా ఒక సర్దుబాటే: పగలు మనిషికి, రాత్రి మృగానికి. కొన్నింటికి మాత్రం సర్దుబాటు కుదరదు. గనిని పూడ్చినా పాత అడవి తిరిగి రాదు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

పులి అడుగును గుర్తుపట్టే చెంచులు కొందరు అటవీశాఖలో వాచర్లుగా పనిచేస్తున్నారు. వారిని బయటికి పంపి అడవిని కాపాడతామనడం, కావలివాణ్ణి గెంటేసి తలుపు వేసుకోవడమే. ఆ దారిన వెళ్లే మనం వేగం తగ్గిద్దాం. మన చెత్తను మనమే వెనక్కి తెచ్చుకుందాం.