ట్రాక్ మీద పాట: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లాలోని మైపాడు, కోడూరు తీరాల్లో చిన్న వేదిక మీద ఒక్కరే పాడాలంటే మైకు, ల్యాప్‌టాప్, ట్రాకులు (గొంతు లేకుండా ముందే రికార్డయిన సంగీతం) ఉంటే చాలనుకుంటారు. ఆ ట్రాకుల గురించే ఎక్కువ అపోహలు.

అపోహ: ట్రాక్ మీద పాడేది పాటే కాదు.

వాస్తవం: నెల్లూరులో పెరిగిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో తొలి సినిమా పాట పాడేనాటికి గాయకులు, వాద్యబృందం కలిసే రికార్డింగ్ చేసేవారు. తర్వాత మల్టీట్రాక్ వచ్చింది. ముందే రికార్డయిన సంగీతాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ బాలు కూడా బూత్‌లో ఒంటరిగా నిలబడి పాడారు. ఆ పాటల్లో ప్రాణం తగ్గిందని ఎవరైనా అనగలరా? నిజానికి ట్రాక్ మీద పాడటమే కష్టం. చరణం ఎత్తుగడ తప్పితే తబలా ఆయనైతే ఒక ఆవర్తం ఆగి కలుపుకుంటాడు. ట్రాక్ ఆగదు.

అపోహ: ఒరిజినల్ శ్రుతిలో పాడితేనే గొప్ప.

వాస్తవం: బాలు తారస్థాయి అందరికీ అందదు, అందనక్కర్లేదు. కచేరీలో చివరి పాటలోని పై స్వరం అలసిన గొంతుతో కూడా హాయిగా పలకాలి. శ్రుతిని దాన్నిబట్టే ఎంచుకోవాలి. హార్మోనియం మీద రెండు మెట్లు, మహా అయితే మూడు మెట్ల వరకు సాఫ్ట్‌వేర్‌తో దించితే చెవికి పెద్దగా తెలియదు. అంతకు మించితే వేణువు బొంగురుపోతుంది, డ్రమ్స్ డొల్లగా మోగుతాయి. బాలు పాటను ఆడవాళ్లు పాడాలంటే తరచూ అంతకంటే ఎక్కువే మార్చాలి. అప్పుడు కీబోర్డు వాయించేవారితో మీ శ్రుతిలోనే కొత్తగా ప్రోగ్రామ్ చేయించుకోండి. ఆ డబ్బు వృథా కాదు.

అపోహ: పాటలో గొంతు తీసేస్తే ట్రాక్ తయారైనట్టే.

వాస్తవం: గొంతు సాధారణంగా ఎడమ, కుడి చానళ్లలో సమానంగా ఉంటుంది. ఒకదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే గొంతు పోతుంది. బేస్, కిక్ డ్రమ్ కూడా మధ్యలోనే ఉంటాయి కాబట్టి వాటినీ పట్టుకుపోతుంది. అసలు ప్రమాదం తర్వాత ఉంది. ఈ పద్ధతిలో చేసిన కొన్ని ట్రాకుల్లో ఒక చానల్ రెండోదానికి తలకిందులుగా ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా వినిపిస్తుంది. బీచ్‌లో సౌండ్ ఆయన రెండు చానళ్లనూ కలిపి మోనోగా బాక్సులకు పంపగానే అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, సంగీతం మాయమవుతుంది. ప్రతి ట్రాకునూ ఇంట్లోనే మోనోలో విని చూడండి.

అపోహ: బాక్సులు పెద్దవైతే మానిటర్ అక్కర్లేదు.

వాస్తవం: శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు వెళ్తుంది. 35 మీటర్ల దూరంలోని బాక్సు విని పాడితే సెకనులో పదో వంతు వెనకబడినట్టే. అలల హోరులో ఇది ఇంకా తికమక పెడుతుంది. కాళ్ల దగ్గర మీవైపు తిప్పిన బాక్సు, అంటే మానిటర్, పెట్టించుకోవాల్సిందే. వాద్యాలు లేకుండా గొంతుతోనే మొదలయ్యే పాటకు ముందు మీకు మాత్రమే వినపడేలా శ్రుతి, నాలుగు లెక్కలు చేర్చుకోండి. దీనికి ఒక చానల్లో ట్రాక్, రెండోదాంట్లో లెక్క ఉంచి, రెండోది మీ ఇయర్‌ఫోన్‌కే వచ్చేలా సౌండ్ ఆయనకు ముందే చెప్పాలి.

అపోహ: ట్రాక్ కొన్నాం కదా, పాడే హక్కు వచ్చినట్టే.

వాస్తవం: రాదు. ట్రాక్ వేరు, పాట సంగీతం, సాహిత్యం హక్కులు వేరు. 2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న బాలుకే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని సంగీత దర్శకుడు ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది. పెళ్లి వేడుకలకు, మతపరమైన కార్యక్రమాలకు 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన కచేరీకి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐ.పి.ఆర్.ఎస్.) లైసెన్స్ తీసుకున్నారా అని నిర్వాహకులను ముందే అడగండి. హక్కులతో పాటు సమయం నిబంధన కూడా ఉంది: రాత్రి 10 గంటల తర్వాత ఆరుబయట మైకు మామూలుగా నిషిద్ధం కాబట్టి ట్రాకుల నిడివి కూడుకుని, చప్పట్లకు, మాటలకు పావుగంట వదిలి జాబితా రాసుకోండి.