పాత ట్రాక్టరు కొంటున్నారా? రంగు కాదు, రికార్డు చూడండి

ఎద్దుల జత కొనేటప్పుడు మన పెద్దలు ఎంత జాగ్రత్తగా ఉండేవారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. సంతలో నోరు తెరిపించి పళ్ళు చూసేవారు. సుడులు చూసేవారు. గిట్టలు తట్టి చూసేవారు. కాడి కట్టి నాలుగు సాళ్ళు దున్నించి గానీ డబ్బు చేతిలో పెట్టేవారు కాదు. ఎద్దుల కంటే ఎన్నో రెట్లు ఖరీదైన ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొత్తగా కొట్టించిన రంగు, మెరిసే బానెట్టు చూసి బయానా ఇచ్చేస్తున్నాం. ఇది నీళ్ళలో ఉన్న గేదెను బేరం చేయడం లాంటిదే.

కొత్త ట్రాక్టరు కొనే స్తోమత లేని చిన్న, సన్నకారు రైతులకు పాత బండి మంచి ఆసరాయే. కాదనడానికి లేదు. కానీ అప్పు తెచ్చి కొన్న బండి సరిగ్గా దమ్ము రోజుల్లో షెడ్డుకు చేరినా, పాత యజమాని కట్టని ఫైనాన్సు కోసం ఎవరో వచ్చి పొలంలోంచే పట్టుకుపోయినా ఆ ఏడు సేద్యం చేజారినట్టే. బండి పోయినా చేసిన అప్పు మాత్రం మనతోనే ఉంటుంది. కాబట్టి బేరానికి దిగేముందు ఏమేం చూడాలో వివరంగా తెలుసుకుందాం.

అసలు అవసరమా?

ముందుగా ఈ ప్రశ్న వేసుకోండి. ట్రాక్టరు ఖర్చు లెక్క కట్టేటప్పుడు ఏడాదికి 1,000 గంటల పని, 10 ఏళ్ళ ఆయుష్షు అని వేసుకోవడం వ్యవసాయ ఇంజనీర్ల ఆనవాయితీ. మూడెకరాల రైతుకు సొంత దుక్కి, దమ్ము అన్నీ కలిపినా అందులో పదో వంతు పని కూడా ఉండదు. ఊళ్ళో కిరాయి పని దొరుకుతుందనే భరోసా ఉంటేనే కొనండి. లేకపోతే గంటకింత అని కిరాయి ఇచ్చుకోవడమే లాభం.

గంటల మీటరే బండి వయసు

కారుకైతే కిలోమీటర్లు చూస్తాం. ట్రాక్టరుకు గంటలు చూడాలి. స్టీరింగు ముందున్న మీటరులో ఆ అంకె ఉంటుంది. అయితే ఆ అంకెను గుడ్డిగా నమ్మవద్దు. పాత మోడళ్ళలో ఈ మీటరు కేబులు మీద నడుస్తుంది. కేబులు తెగినా, కావాలని ఊడదీసినా అంకె ఆగిపోతుంది, బండి మాత్రం పని చేస్తూనే ఉంటుంది. మీటరే మార్చేసిన బండ్లూ ఉంటాయి. అందుకే మీటరు చెప్పే మాటను మరో సాక్షితో సరిచూసుకోవాలి. ఆ సాక్షే సర్వీసు పుస్తకం.

సర్వీసు పుస్తకం అడగండి

కొత్త బండితో పాటు కంపెనీ ఒక పుస్తకం ఇస్తుంది. అందులో ఉచిత సర్వీసు కూపన్లు ఉంటాయి. చాలా కంపెనీల బండ్లకు మొదటి సర్వీసు 50 గంటలకు, ఆ తర్వాత దాదాపు 250 గంటలకొకటి వస్తుంది. ప్రతి సర్వీసుకూ డీలరు కూపను చించుకుని, పుస్తకంలో మిగిలిన ముక్క మీద తేదీ, గంటలు వేసి ముద్ర కొడతాడు. ఈ తేదీలను, గంటలను వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. బండి ఎలా బతికిందో అందులోనే తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2019 జూన్‌లో కొన్న బండికి 2020 డిసెంబరులో, అంటే 18 నెలలకు, 1,000 గంటల సర్వీసు ముద్ర ఉందనుకోండి. నెలకు సుమారు 55 గంటలు తిరిగినట్టు. మీరు 2025 డిసెంబరులో చూస్తే మీటరు 1,900 చూపిస్తోంది. అదే ఊపున తిరిగితే తర్వాతి 60 నెలల్లో ఇంకో 3,300 గంటలు పెరిగి, మొత్తం 4,300 దాకా ఉండాలి. మిగిలిన గంటలు ఏమైనట్టు? కిరాయికి తిప్పడం మానేశామని అమ్మేవారు చెప్పవచ్చు. నిజమే కావచ్చు. కానీ మీటరు ఆగిపోయి ఉండవచ్చు కూడా. ఆ ఊళ్ళో నలుగురిని అడిగితే ఆ బండి దేనికి తిరిగిందో దాచకుండా చెబుతారు. ఇసుక, ఇటుక తోలిన బండికి క్లచ్చి, బ్రేకులు బాగా అరుగుతాయి. ఏటా దమ్ములో దిగిన బండికి బురద, నీళ్ళు చేరి సీళ్ళు, బేరింగులు దెబ్బతినే అవకాశం ఎక్కువ.

టైర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ వేసి ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. బండి 2019ది, టైర్లు 2023వి, మీటరు మాత్రం 1,200 గంటలు అంటే ఎందుకు మార్చారని నిలదీసి అడగాల్సిందే. పెడళ్ళ మీది రబ్బరు, స్టీరింగు, సీటు అరుగుదల కూడా మీటరుతో పోల్చి చూడండి.

పుస్తకం పోయిందంటే వెంటనే బేరం వదిలేయనక్కరలేదు. బండి కొన్న డీలరు దగ్గరికి యజమానిని వెంటబెట్టుకుని వెళ్ళండి. చాసిస్ నంబరు చెబితే తమ దగ్గర జరిగిన సర్వీసుల వివరాలు చాలామంది డీలర్లు చూసి చెబుతారు. బయటి మెకానిక్ దగ్గర చేయించామంటే ఆయిలు, ఫిల్టర్ల బిల్లులు చూపించమనండి. “ఇంజను పని చేయించాం” అని గొప్పగా చెబితే లైనర్లు, పిస్టన్లు కొన్న బిల్లు ఏదని అడగండి. బిల్లు లేని పనికి ధరలో విలువ కట్టవద్దు.

వారంటీ మాట నమ్మేముందు

“ఇంకా వారంటీ ఉందండీ” అనే మాట బేరంలో తరచూ వినబడుతుంది. వారంటీకి సంవత్సరాలు, గంటలు అని రెండు హద్దులుంటాయి. ఏది ముందు దాటితే అక్కడితో వారంటీ అయిపోతుంది. రెండేళ్ళు లేదా 2,000 గంటలు అని ఉన్న బండి 14 నెలలకే 2,100 గంటలు తిరిగితే, ఇంకా పది నెలలు మిగిలి ఉన్నా వారంటీ లేనట్టే. కొన్ని కంపెనీలు 5, 6 ఏళ్ళ వారంటీ కూడా ఇస్తున్నాయి. అయితే చివరి ఏళ్ళలో ఇంజను, గేరు బాక్సు వంటి ముఖ్య భాగాలకే పరిమితం చేసే పద్ధతీ ఉంది. ఆ షరతులు చదివించుకోండి.

మరో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, క్లచ్చి ప్లేటు, ఫిల్టర్లు, బ్రేకు లైనింగుల వంటి అరిగిపోయే సామానుకు సాధారణంగా వారంటీ వర్తించదు. టైర్లు, బ్యాటరీకి వాటి తయారీదారులదే బాధ్యత. రెండోది, సర్వీసులు సకాలంలో చేయించకపోయినా, డీజిలు పంపు సీలు బయట విప్పించినా కంపెనీ వారంటీని తిరస్కరించవచ్చు. పంపు సీలు ఉందో లేదో మీ మెకానిక్‌తో చూపించుకోండి. మూడోది, యజమాని మారితే వారంటీ రెండో వ్యక్తికి వస్తుందా రాదా అన్నది కంపెనీ షరతులను బట్టి ఉంటుంది. ఈ సంగతి అమ్మేవారిని కాదు, డీలరును అడగండి. వస్తుందంటే ఆ మాట కాగితం మీద రాయించి ముద్ర వేయించుకోండి.

తెల్లారకముందే వెళ్ళండి

బండిని చూడటానికి మధ్యాహ్నం కాదు, పొద్దున్నే చెప్పకుండా వెళ్ళండి. మీరు వెళ్ళేసరికే ఇంజను వేడెక్కి ఉంటే స్టార్టింగు లోపం దాచుతున్నారేమో అనుమానించాలి. చల్లని ఇంజనును మీ ఎదుటే స్టార్టు చేయించండి. తర్వాత పొగ చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు కాలుతోందన్నమాట. బరువు లేకుండానే నల్లపొగ చిమ్మితే ఎయిర్ ఫిల్టరు పూడిపోయిందో, పంపు, నాజిళ్ళు తేడా చేశాయో చూడాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే డీజిలు సరిగా కాలడం లేదనో, నీళ్ళు చేరుతున్నాయనో గుర్తు.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత జాగ్రత్తగా తీయండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుతుంటే పిస్టను రింగులు అరిగినట్టే. ఇంజను ఆపి కాసేపయ్యాక ఆయిలు పుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. అటువంటి బండి జోలికి పోవద్దు. రేడియేటరు మూత మాత్రం వేడి మీద తీయకండి, ఒళ్ళు కాలుతుంది.

కల్టివేటరు తగిలించి లిఫ్టు పైకెత్తి ఇంజను ఆపండి. కొద్దిసేపట్లోనే కిందికి జారిపోతుంటే హైడ్రాలిక్‌లో లోపం ఉంది. చివరగా అన్ని గేర్లలోనూ నడిపి, అరగంటైనా పొలంలో దున్నించి చూడండి. బాగా తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. అమ్మేవారి మెకానిక్ కాదు, మీ మెకానిక్. ఆయనకిచ్చే కూలి దండగ కాదు.

సి బుక్కులో ఎవరి పేరుంది?

ఇంజను లోపాన్ని డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. కాగితాల లోపం ఉంటే బండే పోవచ్చు. సి బుక్కు తెరిచి చాసిస్, ఇంజను నంబర్లను బండి మీది నంబర్లతో అంకెకు అంకె సరిచూడండి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు స్పష్టంగా వస్తుంది. నంబరు చెరిపినట్టు, మళ్ళీ కొట్టినట్టు కనిపిస్తే వెనక్కి తిరగండి. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషను ఉంటుంది. అదీ అడగండి.

ఎదుట ఉన్న వ్యక్తి, సి బుక్కులో పేరున్న వ్యక్తి ఒక్కరేనా? యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి ఫారం 31 ద్వారా మారాలి. ఆ తర్వాతే మీకు అమ్మాలి. “తర్వాత సంతకాలు పెట్టిస్తాం” అంటే ఒప్పుకోవద్దు.

సి బుక్కులో బ్యాంకు లేదా ఫైనాన్సు కంపెనీ పేరుంటే బండి మీద అప్పు నమోదై ఉందన్నమాట. అప్పు తీరిందని నోటిమాట చాలదు. ఆ సంస్థ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, వారు సంతకం చేసిన ఫారం 35 ఉండాలి. ఆ పత్రం అసలుదేనా అని బ్రాంచికి మీరే వెళ్ళి కనుక్కోండి. అప్పు మిగిలి ఉంటే ఆ మేరకు డబ్బు అమ్మేవారి చేతికి ఇవ్వకుండా, ఇద్దరూ కలిసి వెళ్ళి నేరుగా అప్పు ఖాతాలో కట్టి రసీదు తీసుకోండి.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందంతో రవాణా శాఖ రికార్డులో మీ పేరు ఎక్కదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఫారం 28 నిరభ్యంతర పత్రం కావాలి. చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో (వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో), కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. మీ పాత బండి అమ్మేటప్పుడు కూడా ఇది మరవద్దు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బీమా కూడా మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయండి. లేకపోతే మీ బండికే నష్టం జరిగిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

వ్యాపారి దగ్గర కొంటే

పాత వాహనాలు కొని అమ్మే వ్యాపారి రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పత్రం చూపించమనండి. బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. బిల్లు ఉంటే మోసం జరిగినప్పుడు రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా కూడా అడగవచ్చు. ఫైనాన్సు కంపెనీలు పట్టుకొచ్చిన బండ్లను వేలం పాటలో కొంటే ఉన్నది ఉన్నట్టుగానే తీసుకోవాలి. తర్వాత లోపం చెబితే వినరు. అందుకని పాటకు ముందే చూసుకోవాలి.

ధర విషయంలోనూ ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అమ్మేవారు తాము కొన్న నాటి ధర చెబుతారు. మీరు మాత్రం అదే మోడలు కొత్త బండి ధర ఇవాళ ఎంతో కనుక్కుని దాన్నిబట్టి బేరమాడండి.

కొనే రోజు చేతికి రావాల్సినవి

• అసలు సి బుక్కు (ట్రక్కు ఉంటే దానిదీ)
• సంతకాలు చేసిన ఫారం 29, ఫారం 30
• అప్పు ఉన్న బండైతే నిరభ్యంతర పత్రం, ఫారం 35
• అమలులో ఉన్న బీమా పాలసీ
• సర్వీసు పుస్తకం, మరమ్మతుల బిల్లులు
• వారంటీ గురించి డీలరు ఇచ్చిన కాగితం
• చెల్లించిన డబ్బుకు రసీదు

వీటిలో ఏది లేకపోయినా పూర్తి డబ్బు ఇవ్వకండి. “ఇంకో పార్టీ వస్తోంది, ఇవాళే తేల్చండి” అని మధ్యవర్తి తొందరపెడితే రానివ్వండి. ఊళ్ళో అమ్మకానికి ఉన్న పాత ట్రాక్టరు అదొక్కటే కాదు. ఒక వారం ఆలస్యంగా కొన్నా సేద్యం ఆగదు గానీ, తొందరపడి కొన్న బండి మీద చేసిన అప్పు ఏళ్ళ తరబడి కట్టాల్సి వస్తుంది.