విత్తనానికి ఇంటిపేరు

ఎండు తెగులు బెడద ఉన్న చేలో కంది వేసే రైతుకు అది 'మారుతి'. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకు రికార్డులో అదే కంది ఐసీపీ 8863. రెండు పేర్లూ ఎరిగినవాళ్లు ఉన్నంతకాలం తికమక లేదు. ఒక బ్యాంకు తన రకాన్ని మరో దేశానికి పంపినప్పుడే చిక్కు మొదలవుతుంది. అందుకున్నవాళ్లు తమ వరసలో తమ సంఖ్య వేసుకుంటారు. అమెరికా వ్యవసాయ శాఖ 1898 నుంచి 'పీఐ' అక్షరాలతో లెక్క రాస్తోంది. మన జాతీయ జన్యు బ్యాంకు దేశవాళీ సేకరణలకు 'ఐసీ' అని రాస్తుంది. కొన్నేళ్లు గడిచి మనుషులు మారిపోతే, ఆ మూడు సంఖ్యలూ ఒకే గింజవో కావో తేల్చడం కష్టం. ఒకే రకాన్ని రెండు రకాలనుకుని ఏళ్ల తరబడి పరీక్షించే ప్రమాదమూ ఉంది.

దీనికి మందు పొలంలో కాదు, ఇంటర్నెట్‌లో దొరికింది.

వెబ్ చిరునామా ఒక వస్తువు ఎక్కడుందో చెబుతుంది గానీ అదేమిటో చెప్పదు. ఫైలు మరో కంప్యూటర్‌కు మారిందా, పాత చిరునామా చచ్చినట్టే. వింట్ సెర్ఫ్‌తో కలిసి ఇంటర్నెట్ మూల నియమాలను రూపొందించిన రాబర్ట్ కాన్, 1990లలో తన సంస్థలో దీనికి విరుగుడుగా 'హ్యాండిల్' వ్యవస్థను తెచ్చారు. అందులో పేరు వేరు, చోటు వేరు. వస్తువుకు ఎన్నటికీ మారని సంఖ్య ఇస్తారు. అది ఇప్పుడెక్కడుందో ఒక పట్టీలో రాసి ఉంచుతారు. వస్తువు కదిలితే పట్టీలో ఒక్క వరుస దిద్దితే చాలు. ప్రచురణకర్తలు దీన్నే పరిశోధన పత్రాల వంటివాటికి డీఓఐ (డిజిటల్ ఆబ్జెక్ట్ ఐడెంటిఫయర్)గా మలచుకుని 1997లో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో ప్రకటించారు. 2012లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది.

దాని రూపం తెలుగువాళ్లకు కొత్తగా అనిపించదు. డీఓఐ కరదీపిక సంఖ్యే చూడండి: 10.1000/182. గీతకు ముందున్నది ఇచ్చిన సంస్థను తెలిపే ఇంటిపేరు, తర్వాతది ఆ ఇంట్లోని బిడ్డ పేరు. మనలాగే ఇంటిపేరే ముందు.

ఆహార పంటల జన్యు వనరులపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం 2017లో ఈ పద్ధతిని విత్తనాలకు తెచ్చింది. దాని ఇంటిపేరు 10.18730. ఈ ఇంటిపేరు దక్కిన నమూనాలు ఇప్పటికే పది లక్షలు దాటాయి.

పరిశోధన పత్రానికి లేని కష్టం విత్తనానికి ఉంది: అది ముసలిదవుతుంది. వాడకానికి ఉంచిన గింజల్ని 4 డిగ్రీల చలిలో, దీర్ఘకాలం దాచేవాటిని సున్నాకు 20 డిగ్రీల దిగువన పెట్టినా మొలక శాతం నెమ్మదిగా తగ్గుతుంది. అప్పుడు వాటిని విత్తి, పంట తీసి, కొత్త గింజల్ని సంచిలో నింపుతారు. పాత గింజ ఒక్కటీ మిగలకపోయినా సంఖ్య మాత్రం అదే. అంటే ఆ సంఖ్య గింజలది కాదు, వంశానిది. ఇంకో బ్యాంకు ఆ గింజల్ని తీసుకుని దాచుకుంటే వాటికి కొత్త డీఓఐ వస్తుంది, తల్లి సంఖ్యను దాని పక్కనే రాసే వీలుంది.

సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గర ఉన్న, ఎండు ప్రాంతాల వ్యవసాయ పరిశోధన సంస్థ ఇకార్డా జన్యు బ్యాంకు శాస్త్రవేత్తలకు అందకుండా పోయింది. నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు విత్తన ఖజానాలో ముందే దాచిన గింజల్ని 2015లో వెనక్కి తెప్పించి లెబనాన్, మొరాకోల్లో పెంచారు. ఏ సంచిలో ఏముందో రాసిన రికార్డు లేకపోతే, దేశాలు దాటిన ఆ గింజలు వట్టి ధాన్యమే అయ్యేవి.

అయితే సంఖ్యలో మాయేమీ లేదు. పట్టీ దిద్దే మనిషి మానేసిన రోజున డీఓఐ కూడా చచ్చిన చిరునామాయే. సంచి మీది చీటీ తారుమారైతే ఏ కంప్యూటరూ కాపాడదు. శాశ్వతత్వం అంకెల్లో లేదు, ఆ పని చేస్తామని సంస్థలు ఇచ్చిన మాటలో ఉంది.

వ్యవసాయ కళాశాలల్లో సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న విద్యార్థులకు ఒక విన్నపం. 'స్థానిక కంది రకం' అని రాసి వదిలేయకండి. గింజ ఏ బ్యాంకు నుంచి వచ్చిందో అడిగి, దానికి డీఓఐ ఉంటే మొత్తం సంఖ్యను మొదటి పట్టికలోనే రాయండి.