వంకర పద్ధతి, తిన్నని బంతి

నలభై ఆరేళ్ల వయసులో నేను గోల్ఫు నేర్చుకోబూనడం చూచి నవ్వనివారు సాకేత్‌లోని మా వీధిలో లేరు. ఇరవై యేళ్లుగా కుర్చీకి అంటిపెట్టుకుని అనువాదాలు చేసేవాణ్ణి, నడుమునొప్పి పట్టుకున్నది. రోజూ నడవమన్నాడు డాక్టరు. పొరుగున లాడోసరాయ్‌లో, కుతుబ్‌మీనారు కనుచూపు మేరలో, ఢిల్లీ అభివృద్ధి సంస్థవారి గోల్ఫు మైదానం ఉన్నది. రుసుము చెల్లించి ఎవరైనా ఆడవచ్చును. ఊరికే నడవడమెందుకు, బంతి వెంట నడుద్దామనుకున్నాను.

మొదటి మూడు నెలలూ పరాభవమే. పుస్తకాలలో చెప్పినట్లు చేతులు వేలాడదీసి, నడుము మెలిదిప్పి కొట్టేవాణ్ణి. బంతి పొదల్లోకి పోయేది. నొప్పి నడుములోకి వచ్చేది.

"ఇక మానండి. నడుము పడిపోతే ఇల్లు గడిచేదెలా?" అన్నది నా భార్య. కాదనలేకపోయాను. మా సంసారం నడిచేది ఆ కుర్చీ మీదనే.

మైదానంలో ఒక వృద్ధ శిక్షకుడుండేవాడు. చిన్ననాడు క్యాడీగా పరుల సంచులు మోస్తూ ఆట నేర్చినవాడు. నా అవస్థ చూచి, "సాహెబ్, మీ నడుము ఒప్పని పద్ధతి మీకెందుకు? మో నార్మన్ పద్ధతి పట్టండి" అన్నాడు.

నార్మన్ 1929లో కెనడాలో జన్మించాడు. 1955, 1956 సంవత్సరాలలో ఆ దేశపు అమెచ్యూర్ ఛాంపియన్. కాళ్లు బాగా ఎడంచేసి, చేతులు ముందుకు చాచి, కర్ర కొసను బంతికి బాగా వెనుకగా ఆనించి నిలబడేవాడు. చూచినవారు నవ్వేవారు, బంతి మాత్రం గీత గీచినట్లు పోయేది. తన స్వింగు తనకు పూర్తిగా స్వాధీనమైనవారు ఇద్దరే, బెన్ హోగన్, మో నార్మన్ అని టైగర్ ఉడ్స్ అంతటివాడు అన్నాడు.

కిటుకు చిన్నదే. సాధారణ పద్ధతిలో నిలబడినప్పుడు చేతులకూ కర్రకూ నడుమ ఒక కోణం ఉంటుంది. బంతిని తాకే వేళకు చేతులు పైకి లేచి ఆ కోణం తగ్గిపోతుంది. ఆ తేడాను రెప్పపాటులో శరీరమే సర్దుకోవాలి. నార్మన్ ఆదిలోనే చేతులనూ కర్రనూ ఒకే వాలులో ఉంచాడు. బయలుదేరిన వాలులోనే కర్ర తిరిగి వస్తుంది.

లోకం వెక్కిరించిన పద్ధతి ఇదొక్కటే కాదు. దక్షిణాఫ్రికాలో భారత సంతతివాడైన పాప్వా సెవ్‌గోలం ఎడమచేతిని కుడిచేతికి దిగువన ఉంచి, తలకిందుల పట్టుతో 1959లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో నేటాల్ ఓపెన్ గెలిస్తే, వర్ణవివక్ష కారణంగా క్లబ్బు భవనంలోకి రానివ్వక, వానలో ఆరుబయటే ట్రోఫీ అందించారు.

నాకు కొత్త పద్ధతి సులువుగా పట్టుబడలేదు. పాత అలవాటు పదేపదే చేతుల్లోకి జొరబడేది. ఆరు నెలలు గడిచాయి. ఒక మాఘమాసపు ఉదయం, పలుచని మంచులో కొట్టాను. బంతి కనబడలేదు.

"చూడనక్కరలేదు సాహెబ్, చప్పుడు విన్నారుగా" అన్నాడు గురువు.

నడిచి వెళ్లాం. పచ్చిక నట్టనడుమ ఉన్నది బంతి. ఆట్టే దూరం పోలేదు. కాని పక్కకూ పోలేదు.

నొప్పి మాయమైందని చెప్పను. ఆ మధ్యాహ్నం భోజనానికి పిలిచినప్పుడు మాత్రం చేతి ఊత లేకుండా కుర్చీలోనుంచి లేచాను. నా భార్య గమనించింది. ఏమీ అనలేదు, మానమని మళ్లీ ఎన్నడూ అనలేదు.