టర్బో విప్పే ముందు... ఎందుకు పోయిందో చూడండి

గల్ఫ్‌లో మనవాళ్లు ఎంతోమంది స్టీరింగ్‌నే నమ్ముకుని బతుకుతున్నారు. కొందరు హౌస్ డ్రైవర్లు, కొందరు కంపెనీ పికప్ నడిపేవారు. నాలుగు డబ్బులు కూడబెట్టి సొంతానికి పాత డీజిల్ బండి కొనుక్కున్నవారూ ఉన్నారు. ఇలాంటి బండి ఉన్నట్టుండి లాగడం మానేసి నీలం పొగ వదిలితే గ్యారేజీలో మొదట వినపడే మాట 'టర్బో పోయింది' అనే. ఒరిజినల్ టర్బో కొనాలంటే డ్రైవర్ నెల జీతం దాటిపోవచ్చు. అందుకే పానాలు పట్టడం వచ్చినవాళ్లు శుక్రవారం సెలవు చూసుకుని తామే విప్పుదామనుకుంటారు. విప్పొచ్చు. కానీ దానికంటే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పొగతో నడిచే పంకా

వృథాగా పోయే పొగతోనే ఇంజన్‌లోకి గాలిని తోయించే ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇంజన్ నుంచి వచ్చే పొగ అంతా మేనిఫోల్డ్ అనే పోత ఇనుప గొట్టంలో కలిసి టర్బోలోకి వెళ్లి ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఇంజన్‌లోకి నెడుతుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఈ ఇరుసును కాపాడేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ కొద్ది క్షణాలు అందకపోయినా బేరింగ్ అరిగిపోతుంది.

చాలా టర్బోలు తమంతట తాము పోవు. ఆయిల్ సమయానికి మార్చకపోవడం, ఆయిల్ పైపులో మడ్డి పేరుకోవడం, ఎడారి దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం... ఇవీ అసలు కారణాలు. ఇవి సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ త్వరలోనే పోతుంది. డబ్బులు రెండుసార్లు దండగ.

బండి లాగకుండా నల్ల పొగ వస్తుంటే ముందు రబ్బరు గొట్టాలు చూడండి. క్లిప్పు ఊడినా, గొట్టం చిరిగినా అదే లక్షణం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గితే మేనిఫోల్డ్ గ్యాస్కెట్ లీకై ఉండొచ్చు.

తొందర పనికిరాదు

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండిని పొద్దున్నే, ఎండ ముదరకముందే మొదలుపెట్టడం మంచిది. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. బండి కిందికి దూరాల్సి వస్తే ఒట్టి జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. టర్బోకు నీళ్ల గొట్టాలు కూడా ఉంటే కూలెంట్ దింపుకోవాలి.

తర్వాత వరస ఇది: గాలి గొట్టాలు, వేడి ఆపే రేకు, ఆయిల్ వచ్చే పైపు, ఆయిల్ తిరిగి పోయే పైపు, సైలెన్సర్ వైపు గొట్టం, చివరగా టర్బోను మేనిఫోల్డ్‌కు పట్టి ఉంచే నట్లు. ప్రతి దశలో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తెరిచిన ప్రతి రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. చిన్న వాషర్ లోపల పడినా కొత్త టర్బో చక్రం ముక్కలవుతుంది.

అసలు పరీక్ష మేనిఫోల్డ్ నట్ల దగ్గరే. ఏళ్ల తరబడి కాలి కాలి తుప్పుపట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నాననివ్వాలి. నట్టు కదలకపోతే బలమంతా చూపించొద్దు. కాస్త బిగించి, కాస్త వదులు చేస్తూ రావాలి. స్టడ్ విరిగి హెడ్‌లోనే ఉండిపోతే అక్కడితో ఆపి మెషిన్ షాపు వాళ్లకు చూపించాలి. విప్పేటప్పుడు చివరల నుంచి మధ్యకు, బిగించేటప్పుడు మధ్య నుంచి చివరలకు రావాలి. మేనిఫోల్డ్ బరువుగా ఉంటుంది, పట్టుకోవడానికి రెండో మనిషి ఉండాలి. టర్బోను పక్కనున్న సన్నటి కడ్డీ పట్టి ఎత్తకూడదు, అది వంగితే సెట్టింగ్ పోతుంది.

బిగించేటప్పుడు

బయటికి తీసిన మేనిఫోల్డ్‌పై పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. తిన్నటి స్కేలు ఆనించి వంకర ఉందేమో చూడాలి. గ్యాస్కెట్లు, రాగి వాషర్లు పాతవి వాడొద్దు. ఆయిల్ పైపుల దగ్గర సిలికాన్ పేస్ట్ పూయొద్దు. ఆ ముక్క ఊడి అడ్డుపడితే ఆయిల్ ఆగిపోతుంది. ఇంజన్ ఆయిల్, రెండు ఫిల్టర్లు కొత్తవి వేయాలి. టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పాలి. మాన్యువల్‌లో చెప్పినట్టు ఇంజన్ అందుకోకుండా చేసి రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితే ఆయిల్ పైకి చేరుతుంది. స్టార్టయ్యాక కొన్ని నిమిషాలు యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచి, లీకులు చూడాలి.

ప్రాణానికే ముప్పు

టర్బో పూర్తిగా పాడైన డీజిల్ ఇంజన్ తన సొంత ఆయిల్‌నే తాగి, తాళం తీసినా ఆగకుండా అరుస్తూ తిరగొచ్చు. గేర్ల బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి క్లచ్ వదిలితే ఆగుతుంది. ఆటోమేటిక్ అయితే దిగి దూరంగా వెళ్లిపోవాలి. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పోతుంది. నీలం పొగ మొదలైన బండిని 'ఇంకో ట్రిప్పు వేద్దాం' అనుకోవద్దన్నది ఇందుకే.

బండి ఎవరిది?

కఫీల్ బండైనా, కంపెనీ బండైనా వాళ్లకు చెప్పకుండా ఒక్క నట్టు కూడా విప్పొద్దు. తర్వాత ఏది చెడినా నేరం మీ మీదికే వస్తుంది, జీతంలో కోతకూ దారితీయొచ్చు. పొగ కనిపించిన రోజే ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఉంచుకుంటే మీకే రక్ష. పక్కవాళ్ల బండ్లు డబ్బులకు బాగుచేయడం మరీ ప్రమాదం. అనుమతి లేకుండా బయట పని చేసి పట్టుబడితే వీసాకే ఎసరు. పార్కింగ్‌లో నల్ల ఆయిల్ ఒలికితే జరిమానా పడొచ్చు. డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇచ్చేయండి.

సొంత బండైతే నింపాదిగా చేసుకోండి. చేయి తిరగనివాళ్లు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకో, దోహా సనయాకో, కువైట్ షువైఖ్‌కో తీసుకెళ్లడమే మేలు. మెకానిక్‌ను మాత్రం 'ఎంతవుతుంది' అనే ముందు 'ఎందుకు పోయింది' అని అడగండి. ఇక మీద దూరం వెళ్లొచ్చినప్పుడు వెంటనే ఆపేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను నిదానంగా తిరగనివ్వండి. ఆ కాస్త డీజిల్ ఖర్చు టర్బో ధర ముందు లెక్కలోకే రాదు.