బండలాగే ఎద్దు, బస్కీలు తీసే కుర్రవాడు

తిరునాళ్ళ రోజుల్లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు పల్లెల్లో బండలాగుడు పందెం చూడని పిల్లలు అరుదు. టన్నుకు పైబడిన రాతిబండ. దానికి గొలుసు, గొలుసుకు కాడి, కాడి కింద రెండు ఒంగోలు జాతి ఎద్దులు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగుల దూరం లాగితే ఆ జతకు బహుమతి. ఈలలు, డప్పులు, దుమ్ము! ఆ సందడిలో ఎద్దు తొడ కండరాలు ఎలా ఉబ్బి బిగుసుకుంటాయో మీరు గమనించే ఉంటారు.

పుట్టినప్పుడు ఆ ఎద్దు కూడా కాళ్ళు వణికే లేగదూడే. దానికి ఆ కండ ఎలా వచ్చింది?

ఎడ్లను మేపే రైతును అడగండి. "తాతా, ఈ గిత్తలకు ఏం పెడతావు?" అంటే ఆయన సంబరంగా చెబుతాడు. ఉడికించిన ఉలవలు, పత్తిగింజలు, తవుడు, చెక్క. ఇంకొంచెం ఓపికగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. పందేనికి ఎన్నో నెలల ముందే సాధన మొదలవుతుంది. మొదట తేలిక బరువు, కొద్ది దూరం. కొన్నాళ్ళకు కాస్త ఎక్కువ బరువు. మధ్య మధ్య విశ్రాంతి. మొదటి రోజే పెద్ద బండకు కట్టే రైతు ఉండడు. కడితే ఎద్దు కాలు విరుగుతుంది, రైతు కొంప మునుగుతుంది.

పందెంలో ఇంకో తమాషా ఉంది. జతలను పళ్ళను బట్టి విడదీస్తారు. పాలపళ్ళ జత, రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత, ఆపైన పెద్దవి. పశువుకు ముందు పాలపళ్ళు ఊడి, రెండేళ్ళ వయసు ప్రాంతంలో మొదటి రెండు గట్టి పళ్ళు వస్తాయి. తరువాత జతజతగా మిగిలినవి వస్తాయి. అంటే నోరు తెరిచి చూస్తే వయసు తెలుస్తుంది. వయసుకు తగిన బండ కడతారు. బడిలో తరగతులు ఉన్నట్టే ఇదీను.

సుమారు 2,500 ఏళ్ళ కిందట గ్రీకుల నగరమైన క్రోటన్‌లో మైలో అనే మల్లుడు ఉండేవాడు. ఒలింపిక్ కుస్తీలో ఆరుసార్లు గెలిచాడు. ఆయన రోజూ ఒక దూడను భుజాన వేసుకుని నడిచేవాడనీ, దూడ పెరిగి ఎద్దయ్యేసరికి ఎద్దునే మోయగలిగాడనీ ఒక కథ ఉంది. పూర్తిగా పెరిగిన ఎద్దును మోశాడంటే నేను నమ్మను. కాని కథలోని కిటుకు మాత్రం శాస్త్ర సమ్మతమే. దూడ ఒక్కరోజులో ఎంత బరువెక్కుతుంది? కొన్ని వందల గ్రాములు. ఆ కొద్దినీ శరీరం తట్టుకుంటుంది. మరునాడు ఇంకొద్ది. ఈ కాలపు వ్యాయామ శిక్షకులు చెప్పేదీ ఇదే.

మరి ఒంట్లో ఏం జరుగుతుంది? మన కండరం సన్నని పోగుల కట్ట. ఒక్కొక్క పోగులో మాంసకృత్తులతో చేసిన అతి సన్నని దారాలు రెండు రకాలు ఉంటాయి. అవి ఒకదానిలోకి ఒకటి జారితే కండరం కుంచించుకుంటుంది. బరువు ఎత్తినప్పుడు ఈ పోగులు గట్టిగా బిగుసుకుంటాయి. ఆ బిగువే కణానికి ఒక కబురు: "పని పెరిగింది, దారాలు ఇంకా కావాలి." కణం కొత్త దారాలు అల్లుతుంది, పోగు లావెక్కుతుంది. పోగుల సంఖ్య పెద్దగా పెరగదు. కండరం చిరిగి అతుక్కుంటేనే పెరుగుతుందని కొందరు చెబుతారు. అది సగమే నిజం. చిరగనంత మాత్రాన పెరుగుదల ఆగిపోదు. పోగు పక్కనే నిద్రపోతున్నట్టుండే చిన్న కణాలు కొన్ని ఉన్నాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రజ్ఞుడు కప్ప కండరంలో వీటిని మొదట గుర్తించాడు. కండరం దెబ్బతిన్నప్పుడు అవి మేలుకొని మరమ్మతుకు వస్తాయి.

ఈ అల్లిక పని బస్కీలు తీస్తున్నప్పుడు జరగదు. ఆ తరువాత ఒకటి రెండు రోజుల పాటు, అన్నం తిని నిద్రపోయే వేళల్లో జరుగుతుంది. గాఢనిద్రలోనే పెరుగుదల హార్మోను ఎక్కువగా విడుదల అవుతుంది. ఎడ్లకు విశ్రాంతి ఇచ్చే రైతుకు ఈ హార్మోను పేరు తెలియకపోవచ్చు. ఆయన చేసే పని మాత్రం సరైనదే. ఇంకో మాట, చర్నాకోల దెబ్బలతో ఏ ఎద్దుకూ కండ పెరగదు!

ఇక మేత సంగతి. ఉలవలను ఉడికించి గింజలు ఎద్దులకు పెట్టి, ఆ నీళ్ళను మనం ఉలవచారు కాచుకుంటాం. ఆలోచిస్తే నవ్వు వస్తుంది. 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు, 270 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. ఎద్దు పుష్టిగా ఉందంటే ఉండదూ మరి! చారు మానమని నేను అనను, అంత ధైర్యం నాకు లేదు. వారానికి రెండు మూడుసార్లు గింజలను కూడా గుగ్గిళ్ళుగా తినండి.

13 నుంచి 15 ఏళ్ళ అబ్బాయికి రోజుకు సుమారు 45 గ్రాములు, అమ్మాయికి 43 గ్రాములు మాంసకృత్తులు కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో లెక్క చెప్పింది. ఇది డబ్బాల్లో అమ్మే పొడులు కొంటేనే దొరికేది కాదు. రోజంతటికీ 300 గ్రాముల బియ్యం వండితే అందులో 21 గ్రాములు వస్తాయి. 50 గ్రాముల కందిపప్పులో 11. బడి మధ్యాహ్న భోజనంలో పెట్టే కోడిగుడ్డులో 6. గుప్పెడు వేరుశనగ గింజల్లో 7. కూడి చూడండి, సరిపోయింది. బియ్యంలో తక్కువైన అంశం పప్పులో ఉంటుంది. పప్పులో కొరతగా ఉన్నది బియ్యంలో, కొర్రల్లో, సజ్జల్లో ఉంటుంది. అందుకే రెండూ కలిపి తినాలి.

అయితే పప్పు ఒక్కటే తిని అన్నం మానేస్తే కండ వస్తుందా? రాదు. శరీరానికి మొదట కావలసింది శక్తి. అది చాలకపోతే మాంసకృత్తులనే కాల్చుకుంటుంది. పొయ్యిలోకి కట్టెలు లేక ఇంటి వాసాలు పీకి పెట్టినట్టన్న మాట. పొద్దున్నే ఏమీ తినకుండా బడికి పోయి, సాయంత్రం వంద బస్కీలు తీసే కుర్రవాడు తన వాసాలనే కాల్చుకుంటున్నాడు.

కండతోపాటు ఎముక సంగతీ చూడాలి. ఎముక రాయి వంటిది కాదు, ప్రాణమున్న కట్టడం. దానిమీద పడే బరువును బట్టి అది తనను తాను మార్చుకుంటుందని జర్మనీ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో రాశాడు. ఎముకలకు బరువు తెలియని అంతరిక్షంలో వ్యోమగాములు తుంటి, తొడ ఎముకల ఖనిజాన్ని నెలకు ఒక శాతం చొప్పున పోగొట్టుకుంటారు. గెంతేవారికి, పరుగెత్తేవారికి దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. పెద్దయ్యాక మీ ఎముకల్లో ఉండబోయే ఖనిజంలో సుమారు నాలుగో వంతు, మీరు జోరుగా ఎదిగే రెండేళ్ళలోనే చేరుతుంది. ఆ రెండేళ్ళు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఎప్పుడో వచ్చిపోతాయి.

సరిగ్గా ఇక్కడే మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. ఏ వ్యాయామ పుస్తకం తెరిచినా "చెమట పట్టేదాకా శ్రమించండి, నీళ్ళు బాగా తాగండి" అని ఉంటుంది. ఏ నీళ్ళు?

మళ్ళీ ఎద్దుల దగ్గరికే వెళదాం. అప్పటి నెల్లూరు జిల్లాలో అరక కట్టిన ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు గమనించారు. మనుషుల్లోనూ నడుములు వంగడం, మెడ తిరగకపోవడం కనిపించింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు, ఈ జబ్బుకు కారణం తాగేనీటిలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. మన దేశంలో మనుషుల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించడం అదే మొదలు. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్తగా ఏర్పడిన జిల్లాలోకి వచ్చాయి. కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు దానిలో కలిశాయి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం అని పేరు పెట్టారు. వానలు తక్కువ, బోర్లు లోతు. రాళ్ళలోని ఫ్లోరైడ్ కరిగి ఆ లోతు నీటిలో చేరుతుంది.

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటే మంచిదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఫరవాలేదనీ మన దేశపు ప్రమాణం. ఒక బోరు నీటిలో 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి. రోజుకు రెండు లీటర్లు తాగేవాడి ఒంట్లోకి 6 మిల్లీగ్రాములు పోతుంది. వాడే ఎండలో ఆడి ఇంకో లీటరు తాగితే 9. ఎముక గట్టిపడాలని చేసిన శ్రమ, ఎముకను చెరిచే పదార్థాన్ని అదనంగా లోపలికి పంపుతోంది! కాల్షియం వైపు వేగంగా కదిలే స్వభావం ఫ్లోరైడ్‌ది. ఎదిగే ఎముకలోకి అది ఇంకా సులువుగా చేరుతుంది. కాల్షియం తక్కువగా తినే పిల్లలకు హాని ఎక్కువ. ఫ్లోరైడ్ ఊళ్ళలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించారు.

అందుకని నీళ్ళు తగ్గించి తాగరాదు. ఎండదెబ్బ తగులుతుంది. నీటిని మార్చుకోవాలి. శుద్ధి చేసి తెచ్చిన మంచినీరు, దాచిన వాననీరు తాగడానికీ వంటకూ వాడాలి. స్నానానికి బోరునీరు చాలు. కాచితే ఫ్లోరైడ్ పోతుందని కొందరి నమ్మకం. పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. కాల్షియం కోసం రాగి సంకటి, రాగి జావ, పాలు, మజ్జిగ, ఆకుకూరలు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మీ వయసుకు రోజుకు 1,000 కావాలి. కీళ్ళ నొప్పులున్నా, మెడ, నడుము బిగుసుకున్నట్టున్నా ముందు డాక్టరుకు చూపించుకుని, తరువాతే కసరత్తు మొదలుపెట్టండి.

ఇక పన్నెండు వారాల కార్యక్రమం. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. నిండుగా, తప్పు లేకుండా మీరు ఎన్ని బస్కీలు తీయగలరో మొదటి రోజు చూడండి. ఇరవై అనుకుందాం. అందులో సగం, అంటే పదితో మొదలుపెట్టి, రెండు విడతలు తీయండి. ప్రతి వారం రెండేసి పెంచండి. (గుంజీళ్ళు కూడా ఇదే కసరత్తు. చెవులు పట్టుకోవడం ఒక్కటే తేడా.) దండీలు నేలమీద తీయలేనివారు అరుగు మీద చేతులు ఆనించి తీయండి, నాలుగు వారాలయ్యాక నేలకు దిగండి. చివర ఇరవై గెంతులు, ఎముకల కోసం. విడిచిన రోజుల్లో కబడ్డీ ఆడండి, పరుగెత్తండి. మీ వయసువారికి రోజుకు గంటసేపు ఆట ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

బరువులెత్తితే పొడుగు ఆగిపోతుందన్న భయం వద్దు. పెద్దల పర్యవేక్షణలో, వయసుకు తగ్గ బరువుతో చేస్తే అలా జరగదని పరిశీలనల్లో తేలింది. ఆగేది మరొకదానివల్ల. నెలరోజుల్లో కండలు తెప్పిస్తామని కొందరు స్టెరాయిడ్ మందులు అంటగడతారు. అవి ఎముక చివర ఉండే పెరుగుదల పొరను ముందే మూసివేస్తాయి. పాలపళ్ళ గిత్తకు పెద్ద బండ కట్టడమే అది.

మార్పు జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? రాసుకోవాలి. మన మార్కాపురం పలక మీద మాత్రం కాదు, చెరిగిపోతుంది. నోటుపుస్తకంలో రాయండి. ప్రతి ఆదివారం కుడి తొడ, పిక్క చుట్టుకొలత. తరువాత ఒక మెట్టు మూడు నిమిషాలు ఎక్కి దిగి, వెంటనే అర నిమిషం నాడి లెక్కించండి. రెండు నిమిషాల తరువాత మళ్ళీ లెక్కించండి. గుండెకు అలవాటు కుదిరేకొద్దీ రెండో అంకె త్వరగా తగ్గుతుంది.

మొదటి మూడు నాలుగు వారాలు టేపు ఒక్క గీత కూడా కదలకపోవచ్చు. నిరుత్సాహపడకండి. అప్పటికి బస్కీలు మాత్రం పెరిగి ఉంటాయి. కారణం కండ కాదు, నాడులు. ఎక్కువ పోగులను ఒకేసారి పనికి పిలవడం మెదడు నేర్చుకుంది. గొంతు మారని చిన్నపిల్లల్లో వచ్చే బలమంతా దాదాపు ఇలాంటిదే. పెద్దపిల్లల్లో ఎనిమిది వారాలు దాటాక టేపు కదలడం మొదలవుతుంది.

ఒక మెలిక ఉంది. ఈ మూడు నెలల్లో కసరత్తు చేయకపోయినా మీరు ఎదుగుతారు కదా! మరి పెరిగినది కసరత్తు వల్లనా, వయసు వల్లనా? అందుకే మీ వయసువాడే, కసరత్తు చేయని స్నేహితుడి కొలతలు కూడా పక్కన రాయండి. కొలత మాత్రం మీరు తీసుకోవద్దు. మీ తమ్ముడి చేతనో, చెల్లెలి చేతనో తీయించండి. పెరగాలని ఆశ ఉన్నవాడు టేపును కాస్త వదులుగా పట్టుకుంటాడు.