రేసు కారులో బ్యాటరీ కదిలితే ఏమవుతుంది? ఒక్క బోల్టు ఎందుకంత ముఖ్యం?

రైల్వే పట్టణంగా పేరున్న ఖరగ్‌పూర్‌లో రేసు కార్లు కూడా తయారవుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ విద్యార్థి బృందం ‘టీమ్‌కార్ట్’ ఫార్ములా స్టూడెంట్ పోటీల కోసం సొంతంగా కార్లు రూపొందిస్తోంది. విద్యార్థులే డిజైన్ చేసి, తయారుచేసి, నడిపే ఈ పోటీలు అమెరికాలో 1981లో ఫార్ములా ఎస్‌ఏఈ పేరుతో మొదలయ్యాయి. మన దేశంలో ఫార్ములా భారత్ కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది.

అక్కడ కారు ట్రాక్ ఎక్కాలంటే ముందు సాంకేతిక తనిఖీలో నెగ్గాలి. ఇంజిన్, బ్రేకులతో పాటు తనిఖీ అధికారులు చూసే వాటిలో బ్యాటరీ బిగింపు ఒకటి.

15 కిలోలు 300 కిలోలవుతుంది

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనినో ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో కారులోని ప్రతి వస్తువు మీదా దాని బరువుకు దాదాపు 20 రెట్ల బలం పడుతుంది. అంటే 15 కిలోల బ్యాటరీని పట్టి ఉంచిన బోల్టులు సుమారు 300 కిలోల బరువును ఆపాలి. రబ్బరు పట్టీలు, ప్లాస్టిక్ ట్యాగులు ఇంత బలానికి ఆగవు.

ఊడిన బ్యాటరీతో ప్రమాదం దాని బరువు ఒక్కటే కాదు. ప్లస్ టెర్మినల్ కారు లోహపు ఫ్రేమ్‌కు తగిలితే షార్ట్ సర్క్యూటై వందల ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ పగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం కారుతుంది. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

మామూలు కార్లను మార్చి ర్యాలీలకు దింపేవారికి అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధనలు మంచి కొలమానం. బ్యాటరీని అసలు చోటు నుంచి మార్చితే లోహపు ట్రేలో కూర్చోబెట్టి, ఇన్సులేషన్ ఉన్న రెండు లోహపు క్లాంపులతో నేలకు బిగించాలి. బోల్టు వ్యాసం కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి. ప్రతి బోల్టు కింద, కారు నేలకు అడుగువైపున, కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న పలక పెట్టాలి.

ఈ పలక ఎందుకు? కారు నేల రేకు పలుచగా ఉంటుంది. బోల్టు ఎంత గట్టిదైనా, బలమంతా చిన్న రంధ్రం చుట్టూనే పడితే రేకు చిరిగి బోల్టు ఊడివస్తుంది. పలక ఆ బలాన్ని వెడల్పుగా పంచుతుంది.

ఫార్ములా స్టూడెంట్ కార్లలో బ్యాటరీని ఛాసిస్‌కు గట్టిగా బిగించాలి. కారు బోల్తాపడినా దెబ్బ తగలని చోట, డ్రైవర్‌ను కాపాడే రోల్ హూప్‌ల పరిధిలోనే అది ఉండాలి. కాక్‌పిట్‌లో ద్రవం ఉన్న బ్యాటరీ పెడితే, విద్యుత్ ప్రవహించని, నీరు చొరబడని పెట్టె తప్పనిసరి. కారును 60 డిగ్రీలు వంచి చూసే పరీక్షలో ద్రవాలేవీ కారకూడదు. ఎలక్ట్రిక్ కార్ల ప్రధాన బ్యాటరీ పెట్టె ముందుకు, వెనక్కు, పక్కలకు 40 రెట్లు, పైకి, కిందికి 20 రెట్ల బలాన్ని తట్టుకోవాలి.

బిగించేటప్పుడు

క్లాంపు బ్యాటరీ అంచులను, ఒంటిని పట్టుకోవాలి. టెర్మినళ్లకు దూరంగా ఉండాలి. ప్లస్ టెర్మినల్‌పై ఇన్సులేటింగ్ మూత ఉండాలి. కుదుపులకు నట్లు వదులవుతాయి కాబట్టి లాక్ నట్లు వాడాలి, బోల్టు మర కనీసం రెండు చుట్లు బయటకు కనిపించాలి. విప్పేటప్పుడు ముందు మైనస్ తీగ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో పెట్టాలి. ఈ వరుస పాటిస్తే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ సర్క్యూట్ కాదు.

చివరగా ఒక చిన్న పరీక్ష. బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని అన్ని వైపులా బలంగా ఊపాలి. కారు ఊగాలి గానీ బ్యాటరీ కదలకూడదు. ఖరగ్‌పూర్ నుంచి కోయంబత్తూరుకు రైలు మార్గంలో సుమారు 2 వేల కిలోమీటర్లు. అంత దూరం తరలించిన కారుకు ట్రాక్ ఎక్కే ముందు ఈ పరీక్ష మరోసారి చేయడం మంచిది. కారులో కూర్చునేది తోటి విద్యార్థే.